పొరుగువాళ్ళు చంపిన మనిషి

మా ఆయన పోయిన మరుసటి ఏడాది నన్ను ఊరి శ్మశానం కమిటీలో వేసుకున్నారు. రెండు వేల పదికి కాస్త ముందు మాట ఇది. అమెరికాలో, యూటా రాష్ట్రం దక్షిణాన ఎర్రకొండల కింద ఉన్న చిన్న ఊరు మాది. నూటయాభై ఏళ్ళ కిందట మోర్మన్లనే క్రైస్తవ శాఖవాళ్ళు ఎడ్లబళ్ళ మీద వచ్చి, కాలువ తవ్వుకుని, కట్టుకున్న ఊరు. ఇప్పటికీ ఊళ్ళో సగం ఇంటిపేర్లు ఆ మొదటి బళ్ళలో వచ్చినవే. నేను అక్కడి ఆసుపత్రిలో డాక్టర్‌ని. ఆయన పక్క ఊరి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. మేం ఆ ఊరికి వచ్చింది నా ఉద్యోగం కోసం. కొన్నాళ్ళు ఉండి వెళ్ళిపోదామనుకుని ఉండిపోయాం.

కమిటీ చైర్మన్ పశువులు పెంచే మనిషి. అరవై దాటినవాడు. ఒక మధ్యాహ్నం టోపీ చేతిలో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"కమిటీలో ఐదుగురం ఉండాలి డాక్టర్. ఒక చోటు ఖాళీ అయింది. మా నలుగురికీ ఆ మట్టిలో తాతముత్తాతలు ఉన్నారు. ఎవరి సమాధి పక్కన నీళ్ళ పైపు వేసినా తగాదానే. మీకైతే ఎవరూ లేరు కదా."

ఆ మాట అనేశాక ఆయన ముఖం ఎర్రబడింది. టోపీని రెండుసార్లు తిప్పాడు. నేను సరేనన్నాను. ఇంట్లో కూర్చోవడం కంటే ఏదైనా నయమే అనిపించింది.

జెర్సీ సిటీలో ఉంటున్న మా అమ్మాయికి ఫోన్‌లో చెప్తే పగలబడి నవ్వింది. "సిమెటరీ కమిటీనా? అమ్మా, మనం అసలు బరీ చెయ్యం కదా!"

"అందుకే వేసుకున్నారు."

"దట్స్ సో వియర్డ్. నాన్న ఉంటే వన్ మంత్ టీజ్ చేసేవాడు నిన్ను."

"నెల కాదు, ఏడాది."

తర్వాత అది, "ఓకే అమ్మా, ట్రైన్ వచ్చింది, రాత్రికి కాల్ చేస్తా," అని పెట్టేసింది.

ఆ ఊరి వాళ్ళతో నా మాటలన్నీ ఇంగ్లీషులోనే. కానీ నాకు గుర్తున్నవి తెలుగులోనే గుర్తున్నాయి. అలాగే రాస్తున్నాను.

నాకు ఆ ఊళ్ళో దగ్గరి మనిషి పక్కింటావిడ. ఎనభై దాటింది. మూడో క్లాసు టీచర్‌గా చేసి రిటైరయింది. ఊళ్ళో నడివయసు వాళ్ళందరూ ఆవిడ దగ్గర గుణకారాలు నేర్చుకున్నవాళ్ళే. ఊళ్ళో ఎవరింట్లోనైనా మనిషి పోతే వంటలు పంపే ఏర్పాటు ఆవిడదే. ఆ ఊరి పద్ధతి అది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరు. చర్చి ఆడవాళ్ళు వంతులు వేసుకుని వండి తెస్తారు. మోర్మన్లా కాదా అని చూడరు. మా ఆయన పోయినరోజు నేను ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి తాళం తీసేలోపే ఆవిడ వచ్చింది. "చెప్పారు నాకు," అంది. సాయంత్రానికి బంగాళాదుంపల వంటకం తెచ్చింది. "హామ్ వెయ్యలేదు," అంది. మేం పంది మాంసం తినమని ఆవిడకి గుర్తుంది. అంత దుఃఖంలోనూ ఆ మాట నాకు వినబడింది.

నేను కమిటీలో చేరిన వసంతంలో ఆవిడ మా ముందుకు ఒక కోరికతో వచ్చింది.

శ్మశానంలో పడమటి మూల ఒక పాత సమాధి ఉంది. నిలువురాయి మీద మనిషి పేరు, పుట్టిన ఊరు ఉంటాయి. దాని ముందు నేల మీద అడ్డంగా పరిచిన రాతిపలక ఒకటి. ఆ పలక మీద ఉన్నది ఒకే మాట. "ఇండియన్ల చేతిలో హతుడయ్యాడు." ఇండియన్లంటే మనం కాదు, ఆ నేల మీద ముందునుంచీ ఉన్న తెగలవాళ్ళు. ఆ మనిషి పక్కింటావిడకి ముత్తాత. ఆవిడ నాయనమ్మ తండ్రి. ఆ పలక తీసేసి నిజం చెప్పే పలక వెయ్యాలని ఆవిడ కోరిక.

"నిజమంటే?" అన్నాడు చైర్మన్.

"పొరుగువాళ్ళ చేతిలో హతుడయ్యాడు. అంతే. ఒక్క మాటే మార్చమంటున్నా."

గదిలో కుర్చీలు కదిలిన చప్పుడయింది. చైర్మన్ గొంతు సవరించుకున్నాడు. "టీచర్, దానికి రుజువేముంది?"

"మా నాయనమ్మ. అప్పుడామె చిన్నపిల్ల. తర్వాత చాలా ఏళ్ళు బతికింది. నా చిన్నప్పుడు చెప్పింది."

"చిన్నపిల్ల మాట."

"నువ్వు మూడో క్లాసులో చెప్పిన మాటలన్నీ నేను నమ్మాను కదా. మీ కుక్క హోంవర్క్ తినేసిందని కూడా."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. కానీ ఆ రోజు ఏమీ తేల్చలేదు.

ఆ ముత్తాత కథ ఆవిడ మా వరండాలో కూర్చుని ఇంతకుముందే నాకు చెప్పింది. ఆయనకీ ఊరి పెద్దలకీ కాలువ నీళ్ళ దగ్గర మాట తేడా వచ్చింది. ఈ ఊరూ వద్దు, ఈ చర్చీ వద్దు, కాలిఫోర్నియా పోతానన్నాడు. ఎడ్లు అమ్ముకోవడం మొదలుపెట్టాడు. అవి దొంగ ఎడ్లన్నారు. కోర్టు చాలా దూరం. ఊళ్ళో పెద్దలే కూర్చుని తీర్పు చెప్పుకున్నారు. చెప్పినవాళ్ళే వెళ్ళి కొండదారిలో కాపు కాశారు. తర్వాత నేరం కొండ అవతల ఉండే పయూట్ తెగ మీద వేశారు. ఆ రోజుల్లో అలా వేస్తే అడిగేవాడు లేడు.

ఆ కథ విన్న చలికాలమంతా నేను లైబ్రరీ నుంచి ఆ కాలపు చరిత్ర పుస్తకాలు తెచ్చుకుని చదివాను. నిద్ర రాని మనిషికి చదువు పనికొస్తుంది. మోర్మన్లని మిస్సౌరీలో తరిమారు, ఇల్లినాయ్‌లో తరిమారు. ఇళ్ళు తగలబెట్టారు. వాళ్ళ ప్రవక్తని జైల్లో ఉండగా గుంపు వచ్చి చంపింది. ఎవరూ రాని ఎడారి అని ఇక్కడికి వచ్చారు. అంత దెబ్బ తిన్నవాళ్ళు, తమలోంచి ఒకడు వెళ్ళిపోతానంటే, తమకి జరిగిందే వాడికి చేశారు. ఇది వాళ్ళు మాత్రమే చేసిన పని కాదు. ఆ కాలంలో బంగారు గనుల ఊళ్ళలోనూ, పశువుల ఊళ్ళలోనూ తాడూ తుపాకీ ఇలాగే తీర్పులు చెప్పాయి. కానీ మా ఊరి పలక మీద ఉన్న అబద్ధం మాత్రం మా ఊరిదే.

"ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నారు?" అని ఆవిడని అడిగాను.

"మా నాన్నకి ధైర్యం చాల్లేదు. నాకూ చాల్లేదు. ఈ ఊరి పిల్లలకే పాఠాలు చెప్పి బతకాలి కదా. ఇప్పుడింక నాకు పోయేదేముంది? నా చోటు ఆ పలక పక్కనే డాక్టర్. మావారు ఇప్పటికే అక్కడ ఉన్నారు. పోయి ఆయన పక్కన పడుకోవాలని ఉంది. అబద్ధం పక్కన పడుకోవాలని లేదు. నా తర్వాత దీన్ని పట్టించుకునేవాళ్ళు లేరు. నా పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్ళకి ఈ ఊరు సెలవులకి వచ్చే చోటు."

ఆవిడ గుండె పరిస్థితి నాకు తెలుసు. నేనే చూస్తున్నాను. తొందర ఎందుకో అడగక్కర్లేదు.

మా ఆసుపత్రిలో పయూట్ నర్సు ఒకామె ఉండేది. నాకంటే కాస్త చిన్న. ఈ సంగతి తెలిసి, మందుల గది సర్దుతూ అంది. "స్కూల్లో ఉన్నప్పుడు మమ్మల్ని ఆ రాయి దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు డాక్టర్, ఊరి చరిత్ర అని. క్లాసంతా ఆ పలక చదివేవాళ్ళు. చదివి నా వైపు చూసేవాళ్ళు. నేను షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగేదాన్ని."

"ఎవరికైనా చెప్పావా?"

"మా అమ్మకి చెప్పా. అమ్మ కూడా లేసు కట్టుకునే పెరిగిందట."

తర్వాతి సమావేశంలో చైర్మన్ రాజీ మాట తెచ్చాడు. 'ఇండియన్ల చేతిలో' అన్నది చెరిపించేద్దాం, 'మరణించాడు' అని మాత్రం చెక్కిద్దాం అన్నాడు. ఎవరికీ బాధ ఉండదన్నాడు. మిగిలిన ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు కూడా ఒక్క క్షణం అది మంచి మాటే అనిపించింది.

పక్కింటావిడ ఒప్పుకోలేదు. "మరణించడం వేరు, చంపడం వేరు. డాక్టర్‌ని అడుగు," అంది.

"వేరే," అన్నాను.

చైర్మన్‌కి కోపం వచ్చింది. నేను ఆయన్ని అలా చూడటం అదే మొదలు. "టీచర్, మీరు ఎవర్ని అంటున్నారో మీకు తెలుసా? ఆ రోజుల్లో ఈ ఊళ్ళో పొరుగువాళ్ళంటే ఎవరు? మా వాళ్ళే. ఈ గదిలో ఉన్న అందరి వాళ్ళూ. మా ముత్తవ్వ ఏం చేసిందో ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆ విధవరాలి గుమ్మం మొదట తొక్కింది మా ముత్తవ్వే. వేడి వేడి రొట్టె గుడ్డలో చుట్టుకుని వెళ్ళింది. శవాన్ని తెచ్చే బండి ఇంకా ఊళ్ళోకి రానేలేదు. అప్పటికే రొట్టె ఆ ఇంట్లో ఉంది. అలాంటి మనుషులు మావాళ్ళు. చంపే మనుషులా?"

ఈ కథ నేను ఎన్నోసార్లు విన్నాను. జూలైలో పూర్వికుల పండగ రోజున ఆయన ట్రాక్టర్ బండి ఎక్కి మైకులో ఇదే చెప్పేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ జనంలో నిలబడి మావారూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. పక్కింటావిడ కూడా కొట్టే ఉంటుంది.

ఆ రోజు మాత్రం ఆవిడ చప్పున తల ఎత్తింది. పిల్లవాడి లెక్కలో తప్పు ఎక్కడుందో కనిపించినప్పటి చూపు అది.

"రొట్టె వేడిగా ఉందా?"

"వేడిగానే. మా ఇంట్లో ఎప్పుడూ అలాగే చెప్తారు."

"ఆ రోజుల్లో పులిపిండి రొట్టె. పిండి పొంగడానికి రాత్రంతా పట్టేది. నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో చావు జరిగిన ఇళ్ళకి భోజనాలు పంపుతున్నాను. ఎప్పుడు పంపుతాం? కబురు వచ్చాక. కబురు రాకుండా నేను ఒక్క రొట్టె కూడా పంపలేదు." ఆవిడ గొంతు పెంచలేదు. "మీ ముత్తవ్వకి కబురు ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పే ఉంటారు టీచర్."

"ఎవరు? బండి రాలేదన్నావు. ఆయన చచ్చిపోయాడని భార్యకే తెలియదు. ఆ తెల్లారి ఆ సంగతి తెలిసినవాళ్ళు ఊళ్ళో ఎవరుంటారు?"

కమిటీలో ఇంకొకామె ఉంది, చైర్మన్‌కి వరసకి అక్క. ఆమె బల్ల మీద చెయ్యి ఆనించి, "నేనెప్పుడూ అలా ఆలోచించలేదు," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. చైర్మన్ టోపీ తీసుకుని, సమావేశం వాయిదా అని చెప్పి వెళ్ళిపోయాడు. పక్కింటావిడ గెలిచిన మనిషిలా లేదు. కారులో కూర్చున్నాక, "వాడి ముఖం చూశారా డాక్టర్? చిన్నప్పుడు తప్పు పట్టుకుంటే ఇలాగే పెట్టేవాడు," అంది.

ఆ తర్వాత ఒక సమావేశం రద్దయింది. ఊళ్ళో గాలి మారింది. కిరాణా కొట్టులో నన్ను చూసి కొందరు పక్క వరసలోకి తప్పుకున్నారు. ఎన్నేళ్ళుగానో నా దగ్గరికి వచ్చే ఒకాయన బీపీ చూపించుకోవడానికి పక్క ఊరు వెళ్ళాడు. పక్కింటావిడ మెయిల్ బాక్సుని ఎవరో గుద్ది వంచేశారు. ఆవిడ దాన్ని బాగు చేయించలేదు. "వంగినా ఉత్తరాలు వస్తున్నాయిగా," అంది.

మా అమ్మాయి ఫోన్‌లో గాభరా పడింది. "అమ్మా, నువ్వు ఒక్కదానివే ఉన్నావు అక్కడ. జస్ట్ స్టే అవుట్ ఆఫ్ ఇట్. వాళ్ళ హిస్టరీ, వాళ్ళు చూసుకుంటారు."

"నన్ను వేసుకుంది వాళ్ళే కదే."

"నువ్వు నాన్నలాగే తయారయ్యావు," అంది. అది తిట్టు కాదు. దానికీ తెలుసు, నాకూ తెలుసు.

వేసవి ముదిరాక మళ్ళీ సమావేశం పెట్టారు. ఈసారి ఊళ్ళో చాలామంది వచ్చారు. గోడల వెంబడి నిలబడ్డారు. అందరికంటే చివర చైర్మన్ వచ్చాడు, చక్రాల కుర్చీ తోసుకుంటూ. అందులో వాళ్ళ అమ్మ. తొంభై దాటింది. ఇల్లు కదలడం మానేసి చాలా కాలమైంది. ఆయన ముఖం నలిగి ఉంది, గడ్డం గీసుకోలేదు.

"నేను ఇంటికెళ్ళి మా అమ్మని అడిగాను," అన్నాడు. "ఆమె మీకే చెప్తానంది."

ముసలావిడ గొంతు సన్నగా ఉన్నా మాట స్పష్టంగా ఉంది.

"ఈ కథ మా అమ్మ నాకు చెప్పించేది. చెప్పేది కాదు, నా చేత చెప్పించేది, పాఠం అప్పజెప్పించినట్టు. రొట్టె వేడిగా ఉందని చెప్పాలి. బండి రాకముందే అని చెప్పాలి. ఆ రెండు మాటల్లో ఒకటి మర్చిపోతే మళ్ళీ మొదట్నుంచి. మా అమ్మ చేత వాళ్ళ అమ్మ అలాగే చెప్పించిందట. ఆ రొట్టె చేసిన మనిషి ఆవిడే. మొగుడు రాత్రి ఇంటికి వచ్చి ఏం చెప్పాడో ఆవిడకే తెలుసు. నోరు విప్పే దారి లేదు. పిండి కలిపింది. ఎవరో ఒకరు అడుగుతారని ఈ కథ మాకు ఇచ్చింది."

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు చైర్మన్. అందరిముందూ, చిన్నపిల్లాడిలా.

"చెప్పాను కదరా. నువ్వు ఏటా మైకులో చెప్తూనే ఉన్నావు."

ఎవరో నవ్వారు. ఆ వెంటనే గదంతా నవ్వింది, ముసలావిడతో సహా. ఆ నవ్వులో ఎక్కడో బిగిసి ఉన్నది ఊడిపోయింది. పక్కింటావిడ మాత్రం నవ్వలేదు. లేచి, కర్ర ఆనించుకుంటూ వెళ్ళి, ముసలావిడ చేతులు రెండూ పట్టుకుంది. చాలాసేపు అలాగే ఉన్నారు.

'పొరుగువాళ్ళు' అనకుండా 'గుర్తు తెలియని వ్యక్తులు' అందామా అని వెనక నుంచి ఒకాయన అడిగాడు.

"నాకు గుర్తు తెలుసు," అంది ముసలావిడ.

తీర్మానం చైర్మనే ప్రవేశపెట్టాడు. ఐదు చేతులూ లేచాయి. నా చెయ్యి కూడా అందులో ఉంది. గోడల దగ్గర నిలబడ్డవాళ్ళకి ఓటు లేదు. అయినా వాళ్ళలో చాలామంది చేతులెత్తారు. కొందరు ఎత్తలేదు, ఎత్తకుండానే చివరిదాకా ఉన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని, "నెగ్గాం," అని పైకే చెప్పాను. వినడానికి ఎవరూ లేరు. అయినా అలా పైకి చెప్పి చాలా కాలమైంది. ఆ సాయంత్రం పప్పు, చారు వండుకుని కూర్చుని తిన్నాను.

ఆకులు రాలే కాలంలో కొత్త పలక వచ్చింది. బూడిదరంగు రాయి. నగిషీ లేదు, పువ్వు లేదు. "పొరుగువారి చేతిలో హతుడయ్యాడు." చైర్మన్ తన ట్రాక్టర్ తెచ్చి, పాత పలకని గొలుసు కట్టి లేపాడు. పక్కింటావిడ కొత్త పలక ముందు నిలబడి ఆ వాక్యాన్ని పైకి చదివింది, క్లాసులో చదివినట్టు, చివరి వరస దాకా వినబడేలా. తర్వాత పక్కనే ఉన్న తన చోటు వంక చూసుకుని, "ఇప్పుడు బాగుంది. ఇంక తొందర లేదు," అంది. నిజంగానే ఆవిడ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది.

పాత పలకని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. పగలగొడదామని ఒకరు, మ్యూజియంకి ఇద్దామని ఒకరు. నర్సు కూడా వచ్చింది, తల్లిని తీసుకుని. అప్పటిదాకా దూరంగా నిలబడి ఉన్న నర్సు ముందుకు వచ్చింది.

"నాకిస్తారా?" అంది.

"ఏం చేసుకుంటావు?" అన్నాడు చైర్మన్.

"మా ఇంటి ముందు మెట్టు విరిగిపోయింది. సరిగ్గా సరిపోతుంది."

ఆయన ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. మెల్లగా నవ్వు వచ్చింది ఆయనకి. "అక్షరాలు కిందికి పెట్టి వేస్తావా?"

"పైకే. కిందికి పెడితే మళ్ళీ దాచినట్టవుతుంది."

ఆయన తన చేతులతో ఆ పలకని ఆమె పికప్‌లోకి ఎక్కించాడు. మర్నాడు సిమెంటు తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళి, తనే పరిచి వచ్చాడు.

ఆ ఆదివారం నర్సు మమ్మల్ని మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళందరికీ చెప్తోంది. "దాటుకుని రావద్దు. దాని మీద కాలు పెట్టే రావాలి. మా ఇంటి రూలు." ఆమె తల్లి ఎన్నిసార్లు ఎక్కి దిగిందో, మెట్టు మీద మట్టి అచ్చులు. పక్కింటావిడ కర్ర పక్కన పెట్టి, నర్సు చెయ్యి పట్టుకుని ఎక్కింది. తర్వాత నా వంతు.

పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగాను. అక్షరం ఉన్న కాగితాన్ని ఈనాటికీ దాటను. అలవాటు చొప్పున చెప్పులు విప్పబోయాను.

"విప్పొద్దు డాక్టర్," అంది నర్సు.

విప్పలేదు. రెండు పాదాలూ పూర్తిగా ఆనించి ఆ పలక మీద నిలబడి, ఆ తర్వాతే లోపలికి వెళ్ళాను.